ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో హాట్ రాడ్ లీఫ్ స్ప్రింగ్స్ సెట్ చేయొచ్చా? మూడు కోణాల కథ

స్మార్ట్‌ఫోన్‌లో లెవెల్ అని ఒక ఫీచర్ ఉంటుంది. ఐఫోన్‌లో అయితే మెజర్ యాప్‌లో దొరుకుతుంది, ఆండ్రాయిడ్‌లో కొన్ని బ్రాండ్లు కంపాస్ యాప్‌లోనే కలిపి ఇచ్చేస్తాయి. గోడకి ఫొటో వంకర లేకుండా తగిలించడానికి ఒకసారి వాడి మర్చిపోతాం. ఈ ఆర్టికల్‌లో దానికి కాస్త సీరియస్ పని అప్పజెబుదాం. 1932 ఫోర్డ్ తరహా హాట్ రాడ్ చాసిస్ కింద లీఫ్ స్ప్రింగ్స్‌ని ఏటవాలుగా అమర్చేటప్పుడు వచ్చే కోణాలు కొలవడం.

ఇందులో ఒక కోణంలో రెండు డిగ్రీలు తేడా వస్తే డ్రైవ్ షాఫ్ట్ వణుకుతుంది. ఇంకో కోణం ఉల్టా వస్తే మలుపులో కారు వెనక భాగం మీరు స్టీరింగ్‌తో చెప్పని పని చేస్తుంది. కాబట్టి "సుమారుగా ఉంది లే" అనుకునే మ్యాటర్ కాదు. మరి ఫోన్ సరిపోతుందా? కింద పైకి వంగే కోణాలన్నిటికీ సరిపోతుంది, ఒక చిన్న ట్రిక్ తెలిస్తే. పక్కకి తిరిగే కోణానికి మాత్రం అస్సలు పనికిరాదు. ఎందుకో చూద్దాం.

అసలు సెటప్ ఏంటి?

హాట్ రాడ్ అంటే పాత అమెరికన్ కారుని తేలిక చేసి, పెద్ద ఇంజిన్ పెట్టి, వేగం కోసం మార్చిన బండి. ఇది దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టిన పిచ్చి. అక్కడి ఎండిపోయిన సరస్సుల మీద కుర్రాళ్లు స్పీడ్ రన్స్ చేసేవాళ్లు, 1937లో ఆ క్లబ్బులన్నీ కలిసి ఎస్‌సీటీఏ అనే సంఘం కూడా పెట్టుకున్నాయి. ఆ లోకంలో అందరికీ ముద్దు బిడ్డ 1932 ఫోర్డ్. ముద్దుగా "డ్యూస్" అంటారు. వీల్‌బేస్ 106 అంగుళాలు, అంటే సుమారు 2,692 మిల్లీమీటర్లు.

ఆ రోజుల్లో ఫోర్డ్ కార్లకి ముందు ఒకటి, వెనక ఒకటి, అడ్డంగా పెట్టిన లీఫ్ స్ప్రింగ్స్ ఉండేవి. మన లారీల కింద కనిపించే కమాన్ కట్టలనే చక్రం నుంచి చక్రానికి అడ్డంగా తిప్పి పెట్టినట్టు ఊహించుకోండి. 1948 మోడల్ వరకూ ఇదే పద్ధతి. యాక్సిల్ మెలి తిరగకుండా టార్క్ ట్యూబ్ అనే గొట్టం పట్టుకునేది. ఇప్పుడు బిల్డర్లు ఆ పాత యాక్సిల్ తీసేసి, మామూలు ఓపెన్ డ్రైవ్ షాఫ్ట్‌తో పనిచేసే యాక్సిల్ పెడితే టార్క్ ట్యూబ్ పోతుంది. అప్పుడు బరువు మోయడం, యాక్సిల్‌ని తన చోట ఉంచడం, మెలి తిరగకుండా ఆపడం అనే మూడు పనులూ ఎవరో ఒకరు చేయాలి. నిలువుగా, అంటే కారు పొడవునా, రెండు లీఫ్ స్ప్రింగ్స్ పెడితే ఆ మూడూ అవే చేసేస్తాయి. అంబాసిడర్ వెనక ఉండేది ఇదే సెటప్. బొలెరో పికప్ వెనక ఇప్పుడూ ఇదే. కాయిల్ ఓవర్లు, ఫోర్ లింక్ బార్లు లాంటివి ఉన్నాయి గానీ, తక్కువ పార్టులతో అయ్యేది ఇదే.

చిక్కు ఎక్కడంటే, డ్యూస్ ఫ్రేమ్ నలుచదరంగా ఉండదు. ముందుకి వచ్చేకొద్దీ రెండు రైల్స్ దగ్గరవుతాయి. స్ప్రింగ్‌ని రైల్ వెంబడే పెడితే అది పైనుంచి చూసినప్పుడు ఏటవాలుగా వస్తుంది. పక్కనుంచి చూస్తే ఇంకో ఏటవాలు ఉంటుంది. యాక్సిల్ ముక్కు వంపు మూడోది. ఇదే మన మూడు కోణాలు.

ముందు ఫోన్‌ని టెస్ట్ చేద్దాం

లెవెల్ యాప్ వెనక ఉండేది యాక్సెలరోమీటర్ సెన్సార్. ఫోన్ కదలకుండా ఉన్నప్పుడు అది కొలిచేది భూమి ఆకర్షణ మాత్రమే. ఆ ఆకర్షణ ఫోన్‌లోని ఏ యాక్సిస్ మీద ఎంత పడుతోందో చూసి కోణం లెక్కేస్తుంది. ఐడియా బాగుంది. కానీ ఈ చిప్‌లన్నిటికీ కొంత జీరో ఆఫ్‌సెట్ ఉంటుంది, అంటే సున్నా చూపాల్సిన చోట కొంచెం ఏదో చూపిస్తుంది. ఈ తేడా భూమి ఆకర్షణలో వెయ్యింట ఇరవై వంతులు ఉందనుకుంటే కోణంలో 1.15 డిగ్రీల తప్పు. ఫొటో ఫ్రేమ్‌కి ఎవరూ గమనించరు. మనం సెట్ చేయబోయే పినియన్ కోణమే రెండు డిగ్రీలు కాబట్టి ఇక్కడ మాత్రం సగానికి సగం తప్పు.

దీనికి ఖర్చు లేని మందు ఉంది. కొలిచిన చోటే ఫోన్‌ని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. మొదటి రీడింగ్ ప్లస్ 4.1, తిప్పాక మైనస్ 2.7 వచ్చిందనుకోండి. రెండింటి తేడా 6.8, దాంట్లో సగం 3.4. అదే అసలు కోణం. మిగిలిన 0.7 మీ ఫోన్ తప్పు. వాలు తిప్పినప్పుడు గుర్తు మారుతుంది, సెన్సార్ తప్పు మాత్రం మారదు, అందుకే అది కొట్టేసుకుపోతుంది. లెవెల్ యాప్ ప్లస్ మైనస్ చూపించకపోతే జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ యాప్ వేసుకోండి. ఫ్రీ, ఫోన్ సెన్సార్ల డేటా నేరుగా చూపిస్తుంది, యాడ్స్ గోల లేదు. ఈ యాప్ మనకి చివర్లో ఇంకో పనికి కూడా వస్తుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. కేస్ తీసేయండి, కెమెరా బంప్ ఉన్న వైపు ఆనించకండి. ఫోన్ పొడవాటి అంచుని ఒక తిన్నని అల్యూమినియం పట్టీకి ఆనించి, పట్టీని స్ప్రింగ్‌కి ఆనిస్తే కొలత స్థిరంగా వస్తుంది. మ్యాగ్నెట్ బేస్ ఉన్న డిజిటల్ యాంగిల్ గేజ్ చేతిలో ఉంటే అదే వాడండి, ఇరుకు చోట్ల ఫోన్ కంటే సుఖం. దాని స్క్రీన్ మీద 0.1 వరకూ కనిపించినంత మాత్రాన అంత కచ్చితం అనుకోవద్దు, తిప్పి కొలిచే ట్రిక్ దానికీ పనికొస్తుంది.

కొలిచేది ఎప్పుడు?

హాట్ రాడ్ పనిలో అందరికీ తొందర ఇక్కడే. ఖాళీ ఫ్రేమ్ స్టాండ్ల మీద ఉంటుంది, స్ప్రింగ్ బాగా వంగి విల్లులా ఉంటుంది, ఆ పొజిషన్‌లో బ్రాకెట్లు వెల్డ్ చేసేస్తారు. తర్వాత ఇంజిన్, బాడీ, పెట్రోల్, ఇద్దరు మనుషులు ఎక్కాక స్ప్రింగ్ చదునవుతుంది, కొలిచిన కోణాలన్నీ మారిపోతాయి.

ఎంత మారతాయో ఒక లెక్క చూద్దాం. పొడవు 1,200 మిల్లీమీటర్లు, వెడల్పు 45, ఒక్కో పట్టీ మందం 6, మొత్తం 5 పట్టీలు ఉన్న స్ప్రింగ్ తీసుకుందాం. బీటెక్‌లో చదివిన లీఫ్ స్ప్రింగ్ ఫార్ములా ప్రకారం దీని గట్టిదనం మిల్లీమీటరుకి సుమారు 15.4 న్యూటన్లు. ఒక్కో స్ప్రింగ్ మీద యాక్సిల్, చక్రాల బరువు పోను 190 కిలోలు పడితే అది దాదాపు 120 మిల్లీమీటర్లు కుంగుతుంది. పన్నెండు సెంటీమీటర్లు! "కొంచెం కిందకి దించుదాం" అని ఒక పట్టీ తీసేస్తే గట్టిదనం 12.4కి పడిపోయి ఇంకో 30 మిల్లీమీటర్లు దిగుతుంది. స్ప్రింగ్ ముందు సగం 550 మిల్లీమీటర్లు ఉంటే ఆ 30 అంటే పక్క వాలులో సుమారు 3 డిగ్రీల మార్పు. పట్టీల సంఖ్య మార్చడం అంటే కోణం మార్చడమే అని అందుకే అంటున్నా. ఇక మందం 6 నుంచి 7 చేస్తే గట్టిదనం 1.6 రెట్లు అవుతుంది, ఎందుకంటే మందం ఘనంలో లెక్కకొస్తుంది.

అందుకని బిల్డర్లు చేసే తెలివైన పని ఏంటంటే, మిగతా పట్టీలన్నీ విప్పేసి మెయిన్ లీఫ్ ఒక్కటే పెట్టడం. ఒక్క పట్టీ సులువుగా వంగుతుంది కాబట్టి ఖాళీ ఫ్రేమ్‌ని కూడా అసలు రైడ్ హైట్‌కి దించి జాక్ స్టాండ్ల మీద నిలబెట్టొచ్చు. అప్పుడు కొలిచిన కోణమే రోడ్డు మీద ఉండే కోణం. నేల లెవెల్‌గా ఉందా అన్నది కూడా చూసుకోండి. హాట్ రాడ్స్ అందం కోసం ముందుకి వంగి నిలబడతాయి, కాబట్టి ఫ్రేమ్ రైల్‌ని సున్నా అనుకుని మొదలుపెడితే అన్ని రీడింగుల్లోనూ ఆ వంపు కలిసిపోతుంది. ప్రతి కొలతా నేలతో పోల్చి తీసుకోండి.

పైనుంచి కనిపించే కోణం: ఫోన్ జేబులో పెట్టేయండి

స్ప్రింగ్ చివర పట్టీని చుట్ట తిప్పి రింగులా చేస్తారు. దాన్ని ఇక్కడ కన్ను అందాం. ముందు కన్ను ఫ్రేమ్‌కి నేరుగా బోల్ట్ అవుతుంది, వెనక కన్ను షాకిల్ అనే ఊగే లింకుకి. 1,200 మిల్లీమీటర్ల స్ప్రింగ్‌లో ముందు కన్ను వెనక దాని కంటే 60 మిల్లీమీటర్లు లోపలికి ఉంటే పైనుంచి కోణం 2.9 డిగ్రీలు.

దీన్ని ఫోన్ ఎందుకు కొలవలేదు? యాక్సెలరోమీటర్‌కి తెలిసింది కింద ఏది అన్నదొక్కటే. టేబుల్ మీద ఫోన్‌ని గుండ్రంగా తిప్పినా దాని దృష్టిలో ఏమీ మారదు. దిక్కు తెలిసేది మ్యాగ్నెటోమీటర్‌కి, కానీ చుట్టూ వంద కిలోల స్టీల్ ఉన్న చోట అది ఏ దిక్కు చూపిస్తుందో దానికే తెలీదు. గైరోస్కోప్ తిరిగిన కోణాన్ని లెక్కించగలదు గానీ, ఫోన్‌ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తీసుకెళ్లేలోపు దాని లెక్క కొంచెం కొంచెం జారిపోతుంది.

ఇక్కడ గెలిచేది దారానికి కట్టిన తూకం గుండు. తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసేది. నాలుగు కళ్ల నుంచి గుండు వదిలి నేల మీద చాక్‌పీస్‌తో చుక్కలు పెట్టండి. ఫ్రేమ్ మధ్య గీత కూడా అలాగే నేలకి దించండి. మధ్య గీత నుంచి ఎడమ ముందు కన్ను ఎంత దూరమో కుడిదీ అంతే ఉండాలి, వెనక కూడా అంతే. తర్వాత ఎడమ ముందు నుంచి కుడి వెనకకి, కుడి ముందు నుంచి ఎడమ వెనకకి ఐమూలలు కొలవండి. రెండూ సమానం కాకపోతే యాక్సిల్ కారుకి వంకరగా కూర్చుంటుంది.

రెండు స్ప్రింగ్స్ సమానంగా ఏటవాలుగా ఉండటం వల్ల ప్రమాదం లేదు. ప్రమాదం ఎక్కడంటే బోల్టుల్లో. కంటిలోంచి వెళ్లే బోల్ట్ స్ప్రింగ్ పొడవుకి లంబంగా ఉండాలి. కారు మధ్య గీతకి లంబంగా డ్రిల్ చేస్తే ఆ 2.9 డిగ్రీలూ బుష్ మీద పడతాయి. రబ్బర్ ఎప్పుడూ ఒక వైపు నలుగుతూ ఉంటుంది, షాకిల్ తన దారిలో కాకుండా పక్కకి రాసుకుంటూ ఊగుతుంది. బ్రాకెట్లే కాదు, యాక్సిల్ ట్యూబ్ మీద వెల్డ్ చేసే స్ప్రింగ్ ప్యాడ్లు కూడా అదే 2.9 డిగ్రీలు, ఎడమకొకటి కుడికొకటి అద్దంలో బొమ్మలా తిరిగి ఉండాలి. ప్యాడ్ తిన్నగా పెట్టి యూ బోల్టులు బిగిస్తే పట్టీలు మెలి తిరిగే కూర్చుంటాయి, సెంటర్ బోల్ట్ మీద అనవసరమైన భారం పడుతుంది. యాక్సిల్ జారకుండా పట్టుకోవాల్సింది యూ బోల్టుల బిగింపు, సెంటర్ బోల్ట్ పొజిషన్ చూపించడానికే.

పక్కనుంచి కనిపించే కోణం: ఇక్కడే అసలు గేమ్

స్ప్రింగ్ ముందు సగాన్ని ఒక చేయిలా ఊహించుకోండి. భుజం ముందు కన్ను, అరచేయి యాక్సిల్. చక్రం పైకి లేచినప్పుడు యాక్సిల్ ఈ చేయి గీసే వృత్తం మీద కదులుతుంది. భుజం కంటే అరచేయి ఎత్తులో ఉంటే, ఇంకా పైకి లేచినప్పుడు అది కొంచెం ముందుకి వస్తుంది. కిందుగా ఉంటే పైకి లేస్తూ వెనక్కి పోతుంది.

ఇప్పుడు కారుని ఎడమ మలుపులో పెట్టండి. బాడీ కుడి వైపు వాలుతుంది, కుడి చక్రం బాడీతో పోలిస్తే పైకి, ఎడమ చక్రం కిందకి. ముందు కన్ను యాక్సిల్ కంటే కింద ఉన్న సెటప్‌లో కుడి చక్రం ముందుకి, ఎడమది వెనక్కి జరుగుతుంది. అంటే వెనక యాక్సిల్ కూడా మలుపు వైపే కొంచెం తిరుగుతుంది, కారు నింపాదిగా ఉంటుంది. దీన్ని రోల్ అండర్‌స్టీర్ అంటారు. ముందు కన్ను పైన ఉంటే అంతా ఉల్టా. వెనక యాక్సిల్ మలుపుకి బయటి వైపు తిరిగి, మీరు తిప్పిన దానికంటే కారు ఎక్కువ తిరుగుతుంది. రోల్ ఓవర్‌స్టీర్.

ఎంత తిరుగుతుంది? రెండు స్ప్రింగ్స్ మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు, చేయి వాలు 5 డిగ్రీలు, బాడీ 3 డిగ్రీలు ఒరిగిందనుకుందాం. ఒక్కో వైపు 26 మిల్లీమీటర్లు పైకీ కిందకీ, దాంతో 2.3 మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ. యాక్సిల్ తిరిగే కోణం 0.26 డిగ్రీలు. పావు డిగ్రీకి ఏమవుతుంది అనిపిస్తోందా? 150 మీటర్ల రేడియస్ ఉన్న మలుపులో డ్యూస్ వీల్‌బేస్‌కి ముందు చక్రాలు తిరగాల్సిందే సుమారు ఒక డిగ్రీ. దాంట్లో నాలుగో వంతు మీ పర్మిషన్ లేకుండా వెనక నుంచి వస్తోంది.

మరి అందరూ ముందు కన్ను కిందే పెట్టొచ్చుగా అంటే, డ్రాగ్ రేస్ వాళ్లు ఒప్పుకోరు. ముందు కన్ను పైకి ఉంటే గట్టిగా యాక్సిలరేట్ చేసినప్పుడు వెనక భాగం కుంగడం తగ్గుతుంది, టైర్ బాగా పట్టుకుంటుంది. అంటే ఒకే బోల్ట్ ఎత్తు మీద రెండు కోరికలు కొట్టుకుంటున్నాయి. తిన్నగా పావు మైలు వెళ్లి ఆగే బండికి మలుపులో ఏమవుతుందో అక్కర్లేదు. రోడ్డు మీద తిరిగే బండికి అదే ప్రాణం. నా ఓటు మాత్రం స్ట్రీట్ బండికి ముందు కన్ను రైడ్ హైట్‌లో కొద్దిగా కిందకే, చేయి వాలు 5 డిగ్రీలు దాటకుండా. బ్రాకెట్‌లో పైనా కిందా రెండు మూడు రంధ్రాలు పెట్టుకుంటే తర్వాత మార్చుకునే దారి ఉంటుంది.

కొలత సులువే. ముందు కంటి బోల్ట్ మధ్య నుంచి, యాక్సిల్ దగ్గర మెయిన్ లీఫ్ బిగిసిన చోటు వరకూ అల్యూమినియం పట్టీ ఆనించి, ఫోన్ పెట్టి, తిప్పి మళ్లీ పెట్టండి. రెండు వైపులా చూడండి. ఎడమకీ కుడికీ అర డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే ముందు స్ప్రింగ్స్‌ని అనుమానించండి, పాత స్ప్రింగ్స్‌లో ఒకటి ఎక్కువ కుంగి ఉండటం మామూలే.

షాకిల్ గురించి క్లుప్తంగా. స్ప్రింగ్ చదునైనప్పుడు పొడుగవుతుంది, ఆ పొడుగు వెనక్కి పోవడానికే షాకిల్. రైడ్ హైట్‌లో దాని కింది చివర కొంచెం వెనక్కి వాలి ఉండాలి. ముందుకి వాలి ఉంటే గుంతలో తిరగబడి ఫ్రేమ్‌కి ఇరుక్కునే ఛాన్స్ ఉంది. మరీ వెనక్కి పడుకుని ఉంటే ఊగడానికి చోటు మిగలదు. వెనక భాగం ఎత్తుగా కనిపించాలని పొడవాటి షాకిల్స్ వేయడం ఒకప్పుడు ఫ్యాషన్, కానీ దానివల్ల స్ప్రింగ్ మొత్తం తిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. చివరి కోణం దాని గురించే.

పినియన్ కోణం: ఫోన్‌కి ఫైనల్ ఎగ్జామ్

డ్రైవ్ షాఫ్ట్‌కి రెండు చివరలా యూనివర్సల్ జాయింట్స్ ఉంటాయి. వంగి తిరిగే జాయింట్ ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. ముందు, వెనక జాయింట్ల కోణాలు సమానంగా ఉంటే ఒకదాని ఒడిదుడుకుని ఇంకోటి రద్దు చేస్తుంది. గేర్‌బాక్స్ గీత వెనక్కి 3 డిగ్రీలు కిందకి వాలి ఉంటే, పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి చూడాలి. అప్పుడు రెండూ సమాంతరం.

లీఫ్ స్ప్రింగ్ బండికి ఇక్కడ ఒక ట్విస్ట్. యాక్సిలరేట్ చేసినప్పుడు స్ప్రింగ్స్ మెలి తిరిగి ముక్కు ఇంకా పైకి లేస్తుంది. అందుకే నిలబడి ఉన్నప్పుడు సమాంతరం కంటే సుమారు 2 డిగ్రీలు కిందకి పెడతారు. మన లెక్కలో 3 బదులు 1. లోడ్ పడ్డాక తనే లేచి 3 దగ్గరకి చేరుతుంది. యాక్సిల్‌కీ స్ప్రింగ్‌కీ మధ్య లోవరింగ్ బ్లాక్ పెట్టి ఉంటే మెలి ఇంకా ఎక్కువ, ఎందుకంటే మెలి తిప్పే చేయి పొడవు పెరిగింది.

గేర్‌బాక్స్ అవుట్‌పుట్ ఫ్లాంజ్ మీద ఒకసారి, పినియన్ ఫ్లాంజ్ మీద ఒకసారి ఫోన్ ఆనించండి. ఒకే ఫోన్, ఒకే అంచు, ఒకే వైపు చూసేలా పెడితే సెన్సార్ తప్పు రెండు రీడింగుల్లోనూ సమానంగా ఉంటుంది, తేడా తీసుకున్నప్పుడు పోతుంది. ప్యాడ్లని ముందు చుక్కల వెల్డింగ్‌తో మాత్రమే అతికించి, కొలిచి, సరిచేసి, అప్పుడు పూర్తిగా వెల్డ్ చేయించాలి. తర్వాత డిగ్రీ రెండు డిగ్రీలు సరిచేయాలంటే ప్యాడ్‌కీ స్ప్రింగ్‌కీ మధ్య ఏటవాలు స్టీల్ షిమ్స్ ఉంటాయి. స్ప్రింగ్ పట్టీ మీద మాత్రం వెల్డింగ్ నిప్పు పడనివ్వకండి, వేడికి స్టీల్ గుణం పోయి అక్కడే విరుగుతుంది. మన దగ్గర రిజిస్టర్ అయిన బండిని ఇలా కోసి మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52తో గొడవ పెట్టుకోవడమే, ఆ సంగతి గుర్తుంచుకోండి. కొలతల ప్రాక్టీస్‌కి మాత్రం ఇంటి ముందు ఆగి ఉన్న ఏ పికప్ అయినా చాలు, పార్క్ చేసి చక్రాలకి రాళ్లు పెట్టి ఉంటే.

బిగించాక

కంటి బోల్టులు, షాకిల్ బోల్టులు ఫైనల్‌గా బిగించేది బండి పూర్తి బరువుతో చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బర్ బుష్‌లు మెలి తిరిగి ఉండిపోతాయి, రైడ్ హైట్ కూడా తప్పుగా కనిపిస్తుంది.

తర్వాత ఫైఫాక్స్‌లో స్ప్రింగ్ ఎక్స్‌పెరిమెంట్ ఓపెన్ చేసి, వెనక యాక్సిల్‌కి పైన ఫ్లోర్ మీద ఫోన్ పెట్టి, బండి వెనక భాగాన్ని రెండు మూడుసార్లు నొక్కి వదలండి. షాక్ అబ్జార్బర్లు కనెక్ట్ చేయకముందు చేస్తే క్లియర్‌గా వస్తుంది. పైన లెక్కలోని స్ప్రింగ్‌కి సెకనుకి సుమారు 1.4 ఊపులు రావాలి. చాలా ఎక్కువ వస్తే స్ప్రింగ్ గట్టిగా ఉందనైనా, ఎక్కడో షాకిల్ పట్టేసిందనైనా అర్థం. షాకిల్ బోల్టులు కొంచెం వదులు చేసి మళ్లీ నొక్కితే ఏదో తేలిపోతుంది.

ఇది ఆగి ఉన్న బండి మీద చేసే టెస్ట్ మాత్రమే. ఫోన్‌ని చాసిస్‌కి కట్టి రోడ్డెక్కకండి. పెద్ద మోటార్‌సైకిల్ ఇంజిన్ల లాంటి వైబ్రేషన్ ఐఫోన్ కెమెరా స్టెబిలైజేషన్‌ని పాడు చేయొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది, వీ8 హాట్ రాడ్ ఫ్రేమ్ దానికంటే సుకుమారమేమీ కాదు.

మొదటి కొన్ని డ్రైవ్‌ల తర్వాత యూ బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి. పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని బిగింపు కొంచెం వదులవుతుంది. కొత్త స్ప్రింగ్స్ కొద్దిగా కుంగుతాయి కూడా, కాబట్టి పక్క వాలు, పినియన్ కోణం అదే రోజు ఇంకోసారి కొలిచి, మొదటి రీడింగుల పక్కనే నోట్స్ యాప్‌లో రాసి పెట్టుకోండి.